వీధికుక్క వార్త రాసేవారికి: కాటు పడిన రోజు నుంచి ఇరవై ఎనిమిదో రోజు దాకా

2025 జులై 28న సుప్రీంకోర్టు ఒక ఆంగ్ల దినపత్రికలో వచ్చిన వార్తను తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఢిల్లీలో కుక్కకాటుకు గురైన ఆరేళ్ల బాలిక రేబిస్‌తో మరణించిన సంగతి ఆ వార్తలో ఉంది. ‘సిటీ హౌండెడ్ బై స్ట్రేస్, కిడ్స్ పే ప్రైస్’ అన్న దాని శీర్షికే తర్వాత కేసుకు పేరయింది. డెస్కులో కూర్చున్నవారు ఎవరో కాలమ్ వెడల్పుకు సరిపోయేలా కుదించి పెట్టిన ఆ కొద్ది మాటలు అలా సర్వోన్నత న్యాయస్థానం రికార్డులోకి ఎక్కాయి. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. మొదటి ఉత్తర్వు బ్యానర్‌గా వచ్చిన చోట రెండోది లోపలి పేజీకి జరిగిన సందర్భాలు ఎన్నో. అందుకే ‘కుక్కలన్నిటినీ ఎత్తేయమని సుప్రీంకోర్టు చెప్పింది కదా’ అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది.

జంతువుల పట్ల జనం వైఖరిని మాధ్యమాలు ఎలా మలుస్తాయో తెలుసుకోవడానికి పెద్ద సిద్ధాంతాలు అవసరం లేదు. కుక్క మన పత్రికల్లోకి ప్రధానంగా రెండు సందర్భాల్లో వస్తుంది: అది కరిచినప్పుడు, దాన్ని చంపినప్పుడు. మొదటి రోజు పాఠకుడికి భయం కలుగుతుంది, రెండో రోజు జాలి కలుగుతుంది. ఈ రెండిటి నడుమ గడిచే నెలల్లో మున్సిపాలిటీ కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసిందా లేదా, టీకాలు వేసిందా లేదా, మాంసం దుకాణాల వ్యర్థాలు ఎక్కడ పడుతున్నాయి అనేవి వార్తలు కావు. భయమూ జాలీ తప్ప మరేమీ అందని పాఠకుడు కర్ర పట్టుకునో బిస్కెట్ పొట్లం పట్టుకునో వీధిలోకి వస్తాడు తప్ప, మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ పట్టుకుని వెళ్లడు. మండల విలేకరులకు, జిల్లా డెస్కులో పనిచేసే ఉపసంపాదకులకు, స్థానిక యూట్యూబ్ ఛానళ్లు నడిపేవారికి ఈ లోపాన్ని సరిదిద్దుకునే పద్ధతి చెప్పడమే ఈ వ్యాసం పని. డెస్కులో ఏళ్ల తరబడి ఇలాంటి కాపీలు దిద్దినవాడిగా, చాలావాటిని దిద్దకుండానే వదిలేసినవాడిగా రాస్తున్నాను.

మాట దగ్గర ఆగాలి

మన జిల్లా పేజీల్లో కనిపించే ఒక నమూనా కాపీ చూడండి. ‘పట్టణంలోని శివాలయం వీధిలో శుక్రవారం పిచ్చికుక్క స్వైరవిహారం చేసింది. కనిపించిన వారినల్లా కరుస్తూ బీభత్సం సృష్టించింది. ఈ ఘటనలో పది మంది తీవ్రంగా గాయపడ్డారు. స్థానికులు వెంటాడి కుక్కను మట్టుబెట్టడంతో ప్రజలు ఊపిరి పీల్చుకున్నారు.’ నాలుగే వాక్యాలు. చూడగానే ఏ తప్పూ కనిపించదు. ఒక్కో మాట దగ్గర ఆగి చూస్తే మాత్రం నిర్ధారించుకుని రాసింది దాదాపు ఏమీ లేదని తెలుస్తుంది.

‘పిచ్చి’ అని తేల్చింది ఎవరు? రేబిస్ ఉన్నదని కచ్చితంగా చెప్పగలిగేది, జంతువు చనిపోయాక దాని మెదడు కణజాలంపై చేసే ప్రయోగశాల పరీక్ష. లక్షణాలను బట్టి పశువైద్యుడు అనుమానం వ్యక్తం చేయవచ్చు, అప్పుడు ఆ అనుమానాన్ని ఆయన పేరు మీదే రాయాలి. పిల్లలను పెట్టుకున్న తల్లి కుక్క, దెబ్బ తగిలి పుండుపడిన కుక్క, రాళ్లు విసిరితే బెదిరిన కుక్క కూడా కరుస్తాయి. ‘తీవ్రంగా’ అన్న మాటకు బదులు ఆసుపత్రి లెక్క ఉన్నది. చెక్కుచెదరని చర్మాన్ని నాకితే ఒకటో తరగతి, రక్తం రాకుండా పళ్లు గీసుకుంటే రెండో తరగతి, చర్మం చీలి రక్తం వస్తే మూడో తరగతి అని వైద్యులు విభజిస్తారు. మూడో తరగతి గాయాలకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధ ప్రతిరక్షకాల మందు) కూడా ఇవ్వాలి. పది మందిలో ఎవరిది ఏ తరగతో డ్యూటీ డాక్టర్‌ను అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు, అంతకన్నా ముఖ్యంగా ఇమ్యునోగ్లోబ్యులిన్ నిల్వ ఆసుపత్రిలో ఉన్నదో లేదో అదే నిమిషంలో బయటపడుతుంది. నిల్వ లేకపోతే అసలు వార్త అదే.

ఇక చివరి వాక్యం. ‘మట్టుబెట్టడంతో ఊపిరి పీల్చుకున్నారు’ అని ముగించినప్పుడు, చంపడమే పరిష్కారమని మనం తీర్పు చెప్పినట్టయింది. నిజానికి కరిచిన కుక్కను పట్టి ఉంచి పది రోజులు గమనించాలని వైద్యశాస్త్రం చెబుతుంది; ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దానిలో రేబిస్ సోకించే శక్తి లేదని తెలుస్తుంది. (కరిపించుకున్న మనిషి మాత్రం ఆ పది రోజుల కోసం ఎదురుచూడకుండా వెంటనే టీకా మొదలుపెట్టాలి.) కుక్కను అప్పుడే కొట్టి చంపి, కళేబరాన్ని పరీక్షకు పంపకుండా పూడ్చేస్తే ఆ పది కుటుంబాలకూ తెలిసే అవకాశమున్న సమాచారం మట్టిలో కలిసిపోతుంది.

ఇదే వార్తను ఇలా రాయవచ్చు. ‘శివాలయం వీధిలో శుక్రవారం ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య ఒకే కుక్క పది మందిని కరిచింది. చర్మం చీలి రక్తం వచ్చిన ముగ్గురికి ఏరియా ఆసుపత్రిలో టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చారు. కుక్కను స్థానికులు కొట్టి చంపారు. దానికి రేబిస్ ఉన్నదో లేదో పరీక్షించలేదని పశువైద్యాధికారి తెలిపారు. ఈ వీధిలో కుక్కలకు చివరిసారి ఎప్పుడు టీకాలు వేశారో తెలిపే రికార్డు మున్సిపాలిటీలో లేదు.’ దీనికి పట్టే స్థలం కాస్త ఎక్కువే. కానీ దీన్ని చదివిన వ్యక్తి కోపం కుక్క దగ్గరే ఆగిపోదు. కింద మరో రెండు పంక్తులు దొరికితే, కాటు పడగానే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలన్న సూచన తప్పక చేర్చాలి. పసుపు, కారం, సున్నం పూసుకుని ఆసుపత్రికి వచ్చేవారు ఇంకా ఉన్నారు.

‘గ్రామసింహాలు’ అన్న వెటకారం గురించి ఒక మాట. కుక్క అన్న మాట రెండోసారి వాడాల్సి వస్తే మన డెస్కుల్లో ఈ పదం దానంతటదే వచ్చి పడుతుంది. పిల్లవాడు గాయపడిన వార్తలో చమత్కారం అసహ్యంగా ఉంటుంది. ‘కుక్క’ అని పదిసార్లు రాసినా తప్పేమీ లేదు.

తప్పు ఒక వైపే జరుగుతుందని కాదు. ‘మూగజీవాలపై నరరూప రాక్షసుల కర్కశత్వం’ అన్న ధోరణి కూడా పాఠకుడిని అంతే దారి తప్పిస్తుంది. వీధికుక్కల కాట్లకు ఎక్కువగా గురయ్యేవారు చీకటితోనే పనిలోకి దిగే పారిశుద్ధ్య కార్మికులు, పాలూ పేపరూ వేసేవారు, ఆరుబయట ఆడుకునే పేదల పిల్లలు. వారి భయానికి చోటివ్వకుండా జంతుప్రేమికుల ఆవేదన ఒక్కటే అచ్చువేస్తే, జంతు సంక్షేమం కలవారి వ్యవహారమన్న అభిప్రాయం స్థిరపడుతుంది, ఆ అభిప్రాయం వల్ల నష్టపోయేది చివరికి జంతువులే.

బొమ్మ ఎక్కడిదో తెలిసి వేయాలి

మా డెస్కులో జరిగిన ఒక పొరపాటు చెబుతాను. కుక్కకాటు వార్తకు ఫొటో అందలేదు. కంప్యూటర్‌లో వెతికితే నోరు తెరిచి ఉన్న నల్లకుక్క బొమ్మ దొరికింది. కింద ‘ఫైల్ ఫొటో’ అని వేయడం మరిచిపోయాము. మర్నాడు మధ్యాహ్నం టీ కొట్టు నడిపే ఒక పెద్దావిడ పేపరు మడిచి పట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది. ‘ఏం బాబూ, మా కర్రోడు ఎవరిని కరిచాడని బొమ్మేశారు? పొద్దున్నించీ పిల్లలు రాళ్లుచ్చుకు కొడతన్నారు. ఆడు ఆవలిస్తన్నాడు అందులో, కరవట్లేదు’ అన్నది. ఫొటోను పెద్దది చేసి చూశాను. కుక్క కళ్లు మూసుకుని ఉన్నది, నాలుక మడత పడి ఉన్నది, ఆవలింతే. చెవి అంచున చిన్న కత్తిరింపు కూడా కనిపించింది, అంటే ఆపరేషనూ టీకా అయిన కుక్క. వివరణ వేశాము గానీ సింగిల్ కాలమ్‌లో వేసిన వివరణను రాళ్లు వేసే పిల్లలు చదవరు.

అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం: ఘటనా స్థలంలో తీసిన ఫొటో లేకపోతే కుక్క ఫొటోయే వేయను. ఆసుపత్రిలో టీకా కోసం నిలబడ్డ వరుస, నిండిపోయిన చెత్తకుండీ, తాళం వేసి ఉన్న ఆపరేషన్ కేంద్రం వంటివి ఉంటే వార్తకు అవే సరైన బొమ్మలు.

సీసీటీవీ దృశ్యాల విషయంలో మరింత నిగ్రహం కావాలి. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని కుక్కలు చంపిన దృశ్యాలు రోజుల తరబడి తెరల మీదా ఫోన్లలోనూ తిరిగాయి. ఆ వార్తల వల్లే తెలంగాణ హైకోర్టు తనంతట తానుగా కేసు స్వీకరించిందన్నది నిజం. కాబట్టి వార్త ఇవ్వకూడదని అనడం లేదు. కానీ ఆ పసివాడి ఆఖరి క్షణాలను మళ్లీ మళ్లీ తిప్పి చూపడం వల్ల పాఠకుడికి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. దృశ్యాన్ని మాటల్లో ఒక్కసారి చెప్పి, ఆ ప్రాంగణంలో కుక్కల గుంపు ఎందుకు చేరింది, అంతకు ముందు ఎవరైనా ఫిర్యాదు చేశారా అన్న ప్రశ్నలకు ఆ సమయాన్ని వెచ్చించాలి. జంతువులను హింసించే వీడియోలకూ ఇదే నియమం వర్తిస్తుంది. అలాంటిది చేతికి వస్తే పోలీసులకు ఇవ్వాలి, తెర మీద ఒక స్థిరచిత్రం చాలు. బావిలో పడ్డ కుక్కపిల్లను, పాము నోటి నుంచి పిల్లిపిల్లను కాపాడే ‘రెస్క్యూ’ వీడియోల్లో కొన్ని, లైకుల కోసం ఆ జీవాన్ని ఆపదలో పడేసి తీసినవే. అంత సరిగ్గా కెమెరా ముందే ఎలా సిద్ధమైందో అడగకుండా వాటిని పంచుకుంటే ఆ వ్యాపారానికి మనం పెట్టుబడి పెట్టినట్టే.

చోటు పేరు తప్పితే ఏమవుతుందో 2020లో కేరళ చూపించింది. పేలుడు పదార్థం కొరికి నోరు ఛిద్రమైన గర్భిణి ఏనుగు మే 27న వెళ్లియార్ నదిలో నిలబడి ప్రాణం విడిచింది. అది పాలక్కాడ్ జిల్లా. మొదట వ్యాపించిన వార్తల్లో మలప్పురం అని వచ్చింది, ఎవరో పనిగట్టుకుని అనాసపండు తినిపించారని కూడా వచ్చింది. పొలాల్లో అడవిపందుల కోసం ఇలాంటి పేలుడు ఎరలు పెడతారన్న నేపథ్యం వెనక్కు పోయి, ఒక జిల్లా మీదా అక్కడి మతస్థుల మీదా దూషణల వర్షం కురిసింది. తర్వాత పట్టుబడిన వ్యక్తిని విచారించినప్పుడు అది కొబ్బరికాయలో పెట్టిన ఎర అని తేలింది. అప్పటికి జనం దృష్టి వేరే వార్త మీదకు మళ్లింది. అడవిపంది కోసం పెట్టిన ఆ ఎరల గురించి, వాటికి బలయ్యే ఇతర జంతువుల గురించి జరగాల్సిన చర్చ జరగనేలేదు.

మన దగ్గర 2025 మార్చి ఆఖరులో, కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమి వివాదంలో, మరో రకం ఇబ్బంది ఎదురైంది. అక్కడ జింకలు, నెమళ్లు ఉన్నమాట వాస్తవం. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న చెట్ల నరికివేతను నిలిపివేసింది. అయితే ఆ రోజుల్లోనే యంత్రాల ముందు పరుగెత్తే జింకల చిత్రాలు కొన్ని కృత్రిమ మేధతో తయారైనవి చలామణి అయ్యాయి. ప్రభుత్వం వాటినే ఎత్తిచూపి, వాటిని పంచుకున్నవారికి పోలీసు నోటీసులు పంపింది. నకిలీ జింక బొమ్మ ఒక్కటి చాలు, నిజమైన జింకల గోడును కూడా అబద్ధమని కొట్టిపారేయడానికి. బొమ్మ తీసినవారు ఎవరు, ఏ రోజు, ఎక్కడ నిలబడి తీశారు అనే మూడు ప్రశ్నలకు జవాబు రాకపోతే ఎంత మంచి బొమ్మ అయినా పక్కన పెట్టాలి.

అంకెలూ చట్టమూ

కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం 2024లో దేశవ్యాప్తంగా 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయి. ఈ అంకె మాత్రమే వేస్తే భయం పెరుగుతుంది. పక్కన మరో రెండు అంకెలు ఉంటే అర్థం మారుతుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు సుమారు 1.53 కోట్లు, ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే రేబిస్ వ్యాప్తి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే మీ పట్టణం గురించి వేయవలసిన ప్రశ్న: కుక్కలు ఎన్ని, వాటిలో టీకా పడినవి ఎన్ని? స్థానిక ఆసుపత్రి అంకె తీసుకునేటప్పుడు, పెంపుడు కుక్కలు, పిల్లులు, కోతులు కరిచినవారు కూడా ఆ టీకా రిజిస్టర్‌లో ఉన్నారేమో అడిగి తెలుసుకోవాలి. అందరినీ వీధికుక్కల ఖాతాలో వేయడం మనకు అలవాటు.

చట్టం గురించి రాసేటప్పుడు రెండు మూడు విషయాలు డైరీలో రాసి పెట్టుకుంటే చాలు. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే వదలాలి. మన కాపీల్లో ‘కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్లు’ అని రాసేవి ఇవే. తెచ్చిన చోటే ఎందుకు వదలాలో ఒక్క వాక్యంలో చెప్పకపోతే పాఠకుడికి ఇది అధికారుల చేతకానితనంలా కనిపిస్తుంది. ఆహారం దొరికే చోటు ఖాళీ అయితే, టీకా పడని కొత్త కుక్కలు అక్కడికి చేరతాయి. ఇలా తిరిగి వదలడం నుంచి సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 ఉత్తర్వులో రేబిస్ సోకినవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మినహాయించింది. నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి ఆవరణల నుంచి తీసిన కుక్కలను తిరిగి అక్కడ వదలరాదని చెప్పింది. ఈ కేసులో ఉత్తర్వులు మారుతూ వస్తున్నాయి గనుక, రాసే రోజున తాజా ఉత్తర్వును చదివి, అది ఏ ప్రాంతానికి, ఏ ఆవరణకు వర్తిస్తుందో స్పష్టంగా చెప్పాలి.

చంపినవారికి ఏమి శిక్ష అన్నది కూడా పాఠకుడికి తెలియాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈ అంకెను చదివి పాఠకులు అచ్చుతప్పు అనుకుంటారు, కాదని పక్కనే రాయాల్సి వస్తుంది. జంతువును చంపడం, వికలం చేయడం మీద భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 20 కుక్కలను కాల్చి చంపినప్పుడు కేసు నమోదైంది. ఇటువంటి వార్తలో సెక్షన్ పేర్కొనడం వల్ల, తర్వాతి ఊళ్లో తుపాకీ తీయబోయేవాడికి కనీసం ఒక హెచ్చరిక అందుతుంది.

పండగ పేజీ

ఇంతవరకు భయం, జాలి గురించి చెప్పాను. మూడోది కూడా ఉన్నది, అది సంబరం. భోగి మర్నాడు గోదావరి జిల్లాల పేజీలు తిరగేస్తే కోడిపందేలకు ఇచ్చే స్థలం చూడండి. డేగ, కాకి, నెమలి అని పుంజుల రంగుల వివరం, ఏ బరికి ఎన్ని కార్లు వచ్చాయి, ఎన్ని లక్షలు చేతులు మారాయి, ఏ ప్రముఖుడు వచ్చాడు అన్నవన్నీ ఉంటాయి. కాలికి కట్టిన కత్తి ఏమి చేస్తుందన్నది ఉండదు. పందేలు నిర్వహించడం జంతుహింస నివారణ చట్టం కిందా, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టం కిందా నేరమన్న మాట ఏ మూలో పోలీసుల హెచ్చరికగా, పండగకు ముందు రోజు వచ్చి వెళ్తుంది. పండగ నాడు అదే పేపరు బరి దగ్గర నిలబడి చప్పట్లు కొడుతుంది.

సంప్రదాయం గురించి రాయవద్దని చెప్పడం లేదు. జనం వేలల్లో వెళ్లే చోటికి విలేకరి వెళ్లకుండా ఉండలేడు. కానీ అదే కథనంలో, విడిగా బాక్సులో కాకుండా కథనం నడిమధ్యనే, ఒక పందెం మొదలు నుంచి చివరిదాకా ఏమి జరుగుతుందో, ఓడిన పుంజు ఏమవుతుందో కంటితో చూసింది చూసినట్టు రాయాలి. విశేషణాలు అక్కరలేదు. కత్తి ఎవరు కట్టారు, పందెం ఎంతసేపు సాగింది, రక్తం కారుతున్న పుంజును ఎవరు ఎలా ఎత్తుకుపోయారు అన్నవి చాలు. తీర్పు పాఠకుడికి వదిలేయవచ్చు.

పదో రోజు, ఇరవై ఎనిమిదో రోజు

అన్నిటికన్నా ఫలితమిచ్చే పని, మనం అతి తక్కువగా చేసేది, ఫాలో అప్. కుక్కకాటు వార్త పంపిన రాత్రే డైరీలో రెండు తేదీలు వేసుకోవాలి. మొదటిది పదో రోజు. కుక్క బతికి ఉంటే అది ఎక్కడ ఉన్నదో, ఎలా ఉన్నదో వెళ్లి చూడాలి. అది ఆరోగ్యంగా తిరుగుతుంటే ఆ సంగతి తప్పక వార్తగా ఇవ్వాలి. ‘పిచ్చికుక్క’ అని పుట్టిన పుకారును చంపగలిగేది అదొక్కటే.

రెండోది ఇరవై ఎనిమిదో రోజు. కుక్కకాటుకు వేసే టీకాలో ఆఖరి మోతాదు పడేది ఆ రోజున. బాధితులు మళ్లీ ఆసుపత్రికి వస్తారు, లేదా రావలసి ఉండీ రారు. పది మందిలో ఎంతమంది వచ్చారో నర్సు దగ్గర రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది. రానివారి ఇళ్లకు వెళ్లి కారణం అడగాలి. కూలి పోతుందని, బస్సు ఛార్జీలు లేవని, గాయం మానింది కదా అని చెబుతారు. అక్కడి నుంచి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, ఈ ఇరవై ఎనిమిది రోజుల్లో ఆ వీధి నుంచి ఎన్ని కుక్కలను పట్టారు, ఎన్నిటికి ఆపరేషన్ చేశారు, ఎన్ని రోజులు ఉంచి వదిలారు, ఆపరేషన్ కేంద్రంలో పశువైద్యుడి పోస్టు భర్తీ అయి ఉన్నదా, ఆపరేషన్లు చేసే ఏజెన్సీకి బిల్లు చెల్లించారా అని అడగాలి. ‘వివరాలు సిద్ధం చేస్తున్నాం’ అంటే ఆ జవాబును తేదీతో సహా రాయాలి. సమాచార హక్కు దరఖాస్తు అప్పుడే ఇచ్చి రసీదు తీసుకుంటే మరో నెలకు మరో వార్త చేతికొస్తుంది.

డెస్కులో ఉన్నవారు ఆ కాపీని, మొదటి రోజు కాటు వార్తను ఏ పేజీలో ఎంత స్థలంలో పెట్టారో అక్కడే, అంతే స్థలంలో పెట్టాలి. ఎందుకు పెడుతున్నారని పేజీ ఇన్‌ఛార్జి అడుగుతారు, ‘ఇందులో ఘటన ఏముంది?’ అంటారు. ఆఖరి మోతాదుకు రానివారి సంగతి చూపించండి.